సింటర్‌క్లాస్ టీవీ వార్తలు చూసి పాప అంతా నిజమనుకుంటోంది. ఎంతవరకు సాగనివ్వాలి?

ఐండ్‌హోవెన్_అమ్మ

నమస్కారం అండీ. పాపకి ఐదేళ్లు, డచ్ బడిలో గ్రూప్ 2. నవంబరు మొదలైందంటే ఇక్కడ నెదర్లాండ్స్‌లో పిల్లలందరికీ ఒకటే ధ్యాస, సింటర్‌క్లాస్‌జూర్నాల్. అంటే సింటర్‌క్లాస్ (పడవలో వచ్చి డిసెంబరు 5న కానుకలిచ్చే తాత, పొట్టిగా సింట్) గురించి పిల్లలకి వేసే టీవీ వార్తలు. మామూలు వార్తల్లాగే బల్ల వెనక కూర్చుని చదివే ఆవిడ, ఊళ్లోంచి మాట్లాడే రిపోర్టరు, "ఇప్పుడే అందిన వార్త", అన్నీ ఉంటాయి. పడవకి ఏదో అయిందనో, కానుకలు కనిపించడం లేదనో చెప్తారు, ఇంక పిల్ల అన్నం తినదు. మరునాడు బడిలో అదే భాగం పెద్ద బోర్డు మీద మళ్లీ చూపిస్తారు.

అడగాలనుకున్నవి మూడు. ఇది అబద్ధమని చెప్పెయ్యాలా, ఊరుకోవాలా? రాత్రి సింట్ వచ్చి కానుక వేస్తాడని బూటు పెట్టడం, ఆయన గుర్రానికి క్యారెట్ పెట్టడం సరిగ్గా ఎప్పుడు, ఎలా? మూడోది కాస్త ఇబ్బందిగా ఉంది. యూట్యూబ్‌లో పాత పాటలు పెడితే మొహానికి నల్లరంగు పూసుకున్న పీట్‌లు (సింట్ సహాయకులు) వస్తున్నారు, ఇప్పటి షోలో అలా లేరు. పాప చామనఛాయ. క్లాసులో ఎవరైనా ఏమైనా అంటారేమో అని బెంగ. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కాలువగట్టు

ముందు షో ఎలా నడుస్తుందో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. ఇది వార్తల వేషం కట్టిన సీరియల్. 2001లో మొదలైంది, ఇప్పుడు తీసేది ఎన్‌టీఆర్ అనే ప్రభుత్వ ప్రసార సంస్థ (మన అన్నగారు కాదు!). సాయంత్రం ఆరింటికి ఎన్‌పీఓ జాప్‌లో (ప్రభుత్వ టీవీ పిల్లల విభాగం), పది పదిహేను నిమిషాలు. సింట్ ఈ దేశంలో దిగే శనివారానికి ముందు వచ్చే సోమవారం మొదలై డిసెంబరు 5తో ఆగిపోతుంది. ఆ శనివారం అంటే నవంబరు 11 దాటాక వచ్చే మొదటి శనివారం. 11వ తేదీయే శనివారం పడితే పై వారం. 2023లో అలాగే 18న గోరిన్‌ఖెమ్‌లో దిగాడు.

కథ అల్లిక ఏటా ఒకటే. మొదటి వారంలో ఒక చిక్కు వస్తుంది, శుక్రవారానికి బాగా ముదురుతుంది, శనివారం మధ్యాహ్నం రేవులో సగం విప్పుతారు. వెంటనే ఇంకో చిక్కు మొదలవుతుంది, అది 5వ తేదీ దాకా సాగుతుంది. 5న తీరకుండా మిగిలిన చిక్కు ఇప్పటిదాకా లేదు. పాపకి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు: "ఐదో తారీఖుకల్లా సర్దుకుంటుంది, ప్రతిసారీ అంతే." అది అబద్ధమూ కాదు.

భయపడే పిల్లలకి ఆరింటి భాగం ఆరింటికే చూపించండి. పడుకునే ముందు రీప్లే పెడితే ఆ రాత్రికి నిద్ర ఉండదు. మధ్యలో మాన్పించడం కూడా మంచిది కాదు. మరునాడు క్లాసులో ఉదయం మాటలన్నీ దాని గురించే, చూడని పిల్ల సగం విని ఇంకా ఎక్కువ ఊహించుకుంటుంది. మీకు డచ్ అంతగా రాకపోతే టీవీలో 888 సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. పిల్ల ఏం విని కంగారుపడిందో మీకూ తెలుస్తుంది.

ఇక బూటు. సింట్ దిగిన శనివారం రాత్రి నుంచే, అంతకు ముందు కాదు. ఆ తర్వాత ఎన్నిసార్లన్నది ఇంటింటికీ వేరు. వారానికి ఒకటి రెండు సార్లు సరిపోతుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకసారి అడిగి మిగతావాళ్లు పెట్టే రోజుల్లోనే పెట్టండి. లేకపోతే "వాళ్లింటికి వచ్చాడు, మనింటికి రాలేదు" అనే గొడవ సోమవారం పొద్దున్నే వస్తుంది.

పెట్టే పద్ధతి: ఒక్క బూటు చాలు, జత కాదు. అందులో గుర్రానికి ఒక క్యారెట్ లేదా గుప్పెడు ఎండుగడ్డి, పక్కన గిన్నెలో నీళ్లు, సింట్‌కి ఒక బొమ్మ గీసిన కాగితం. ఒక పాట పాడి పడుకోవాలి. చాలా ఫ్లాట్లలో పొగగొట్టం ఉండదు, అందుకని హీటరు దగ్గరో తలుపు దగ్గరో పెడతారు. పొగగొట్టం లేకపోతే ఎలా వస్తాడని అడిగితే, అన్ని తలుపులకీ పట్టే తాళంచెవి పీట్ దగ్గర ఉంటుందన్నది ఇక్కడివాళ్లు చెప్పే జవాబు.

దొరికిపోయేది ఇక్కడే:

క్యారెట్ తీసి మళ్లీ ఫ్రిజ్‌లో పడేస్తారు. మర్నాడు పిల్ల అదే క్యారెట్‌ని గుర్తుపడుతుంది. కొరికినట్టు ఒక చివర తుంచి, రెండు ముక్కలు నేల మీద వదిలి, మిగతాది సాంబారులో వేసెయ్యండి.

చాక్లెట్ అక్షరం (పిల్ల పేరులోని మొదటి అక్షరం ఆకారంలో ఉండే చాక్లెట్) పెట్టేటట్టయితే బూటుని హీటరుకి ఆనించకండి, నేల కింద హీటింగ్ ఉన్న ఇళ్లలో అయితే కింద ఒక పీట వెయ్యండి. పొద్దునకి 'ఎస్' కాస్తా ముద్ద అయిపోతుంది.

ఇంట్లో పుట్టినరోజులకి వాడే కాగితంతో చుట్టకండి. సింట్ కాగితం విడిగా కొని పై అరలో దాచండి. చీటీ రాస్తే పెద్ద అక్షరాల్లో రాయండి. గ్రూప్ 3కి వచ్చేసరికి అమ్మ చేతిరాత పోల్చేస్తారు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక, శాకాహారులకి. క్రౌట్‌నోటెన్ (గోలీలంత గట్టి మసాలా బిస్కెట్లు) మామూలుగా మైదా, పంచదార, వెన్న లేదా నూనె, దాల్చినచెక్క మసాలాతో చేస్తారు. వాటితో కలిపి అమ్మే రంగురంగుల మెత్తటి 'స్ఖౌమ్' మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ వెనక ఆ మాట వెతకండి. బడిలో పీట్‌లు గుప్పిళ్లతో విసిరేది ఈ కలగలుపే, కాబట్టి టీచరుకి ముందే చెప్పాలి. పేపర్‌నోటెన్ అనేది వేరు, తేనె, సోంపు వాసనతో సాగే రకం. జనం రెండిటినీ ఒకే పేరుతో పిలిచేస్తారు.

---

పాతరీలు

మూడో ప్రశ్నకి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇదంతా వెయ్యేళ్లనాటి ఆచారం అని చాలామంది చెప్తారు. ముక్కలు ముక్కలుగా చూస్తే అలా ఉండదు. సింట్‌కి మూలమైన మిరా బిషప్ నికొలస్ పాతవాడే. మిరా ఇప్పటి తుర్కియేలో ఉంది. ఆయన పండగ డిసెంబరు 6న, డచ్‌వాళ్లు ముందురోజు సాయంత్రం చేసుకుంటారు. కానీ స్పెయిన్ నుంచి ఆవిరి పడవలో రావడం, పక్కన నల్లజాతి నౌకరు, ఈ రెండూ కలిసి వచ్చింది ఆమ్‌స్టర్‌డామ్ బడిపంతులు యాన్ స్ఖెంక్‌మన్ 1850లో వేసిన బొమ్మల పుస్తకంలో. అందులో ఆ నౌకరుకి పేరు కూడా లేదు, పీట్ అన్న పేరు తర్వాత వచ్చి చేరింది. దేశమంతా ఒకేసారి చూసే "దిగే వేడుక" టీవీ పుట్టించినదే, 1952లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మొదటి ప్రత్యక్ష ప్రసారం. వార్తల రూపం 2001ది.

పాత పీట్ మన బూచాడే. చేతిలో బెత్తం, భుజాన గోనెసంచి. అల్లరి పిల్లల్ని సంచిలో వేసుకుని స్పెయిన్ పట్టుకుపోతాడు. బూచాడు గోతంలో వేసుకుపోతాడని మన దగ్గర బెదిరించినట్టే. కాలం గడిచేకొద్దీ పిల్లల కార్యక్రమాల్లో భయపెట్టడం తప్పన్న అభిప్రాయం బలపడింది. బెత్తం పోయింది, సంచిలో కానుకలు మాత్రం మిగిలాయి, పీట్ గోడలెక్కి గెంతే హాస్యగాడయ్యాడు. అంటే పీట్ మారడం ఇది మొదటిసారి కాదు. "మా చిన్నప్పటి నుంచీ ఇంతే" అనేవాళ్లకి ఇది గుర్తుండదు.

రంగు సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 2006లో పడవ ఇంద్రధనుస్సు గుండా వచ్చిందని చెప్పి రంగురంగుల పీట్‌లని చూపించారు, జనం ఒప్పుకోలేదు, మరుసటేడు మళ్లీ నలుపే. 2011లో దోర్‌డ్రెఖ్ట్ వేడుకలో 'నల్ల పీట్ అంటే జాతివివక్ష' అని రాసిన చొక్కాలు వేసుకున్నందుకు క్విన్సీ గారియో, జెరీ ఆఫ్రియేలని పోలీసులు నేలకి అదిమి పట్టుకుపోయారు. చర్చ దేశమంతా అంటుకున్నది అక్కడే. 2013లో నల్ల పీట్ ఉండాల్సిందే అన్న ఫేస్‌బుక్ పేజీకి ఇరవై లక్షలకి పైగా లైకులు వచ్చాయి, అదీ కోటీ డెబ్భై లక్షల జనాభా ఉన్న దేశంలో. 2014లో హౌడాలో జున్ను పీట్, స్ట్రూప్‌వాఫెల్ పీట్ అని కొన్ని రకాలు తెచ్చారు. ఆ రోజే అక్కడ 90 మందిని అరెస్టు చేశారు. 2016 సెప్టెంబరులో బాలల అంబుడ్స్‌మన్, అప్పటి రూపంలో ఉన్న పీట్ బాలల హక్కుల ఒడంబడికకి విరుద్ధమని తేల్చారు. నల్ల పిల్లలు ఆ రోజుల్లో ఎగతాళి పడుతున్నారన్నది ఆ మాటకి ఆధారం. మరుసటి నెల ప్రైవేటు ఛానెల్ ఆర్‌టీఎల్ నల్ల పీట్‌ని చూపించడం మానేసింది. 2017లో నిరసనకారుల బస్సులు ఆ ఏటి వేడుక జరిగే డొక్కుమ్ వెళ్లకుండా నల్ల పీట్ కావాలనేవాళ్లు హైవే దిగ్బంధించారు, తర్వాత 34 మందికి శిక్ష పడింది.

చివరికి 2019లో అపెల్‌డోర్న్‌లో దిగినప్పటి నుంచి జాతీయ ప్రసారంలో మసి చారల పీట్‌లే. నల్లగా పూసిన మొహం లేదు, గిరజాల విగ్గు లేదు, ఎర్ర పెదాలు లేవు. బుగ్గల మీద పొగగొట్టం మసి మరకలు మాత్రమే, ఒక్కొక్కరికి ఒక్కో చోట. అదే ఏడు పాత గుర్రం అమెరిగో రిటైరై కొత్త గుర్రం ఓజోస్నెల్ వచ్చింది, ఆ పేరుకి 'ఎంతో వేగం' అని అర్థం. పిల్లలకి పీట్ మొహం కన్నా గుర్రం మారడమే పెద్ద వార్త.

షో ఈ మార్పుని ఎలా చేసిందో చూడండి. ఐదేళ్ల పిల్లకి పీట్ నిజం మనిషి. "మేం ఇన్నాళ్లూ తప్పు వేషం వేశాం" అని తెర మీద చెప్తే నమ్మకమే కూలుతుంది. అందుకని కారణాన్ని కథలోనే పెట్టారు: పొగగొట్టంలో దిగితే మసి అంటుతుంది, దిగకపోతే అంటదు. నా ఉద్దేశంలో ఇది తెలివైన పనే కానీ తప్పించుకోవడం కూడా, బానిసత్వం మాట పిల్లల వరకు రానే రాదు. ఆ మాట ఎత్తేది పెద్ద పిల్లల వార్తలు, అంటే 1981 నుంచి వస్తున్న యూగ్డ్‌జూర్నాల్. తొమ్మిది పది ఏళ్ల వాళ్లకి తగినది అది. అదే సాయంత్రం కాసేపటికి వస్తుంది కాబట్టి, ఐదేళ్ల పాప టీవీ ముందే ఉండిపోతే రెండిటికీ తేడా తెలియక తికమకపడుతుంది. ఆరింటి షో అవగానే టీవీ కట్టెయ్యండి.

---

హేగ్_ఒడ్డు

పైన చెప్పిన చరిత్ర సరే, ఇంట్లో చేయాల్సినవి చెప్తాను.

యూట్యూబ్‌లో వెతకనివ్వకండి. పాత భాగాలు, పాత పాటల వీడియోలు కుప్పలుగా ఉన్నాయి, ఒకటి అవగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. ఎన్‌పీఓ వాళ్ల సొంత యాప్‌లో ఈ ఏటి సీజన్ మాత్రమే పెట్టండి. పాటలకి వీడియో అక్కర్లేదు, స్పీకర్‌లో వినిపిస్తే చాలు. 'క్లబ్ ఆఫ్ సింటర్‌క్లాస్' అర్థం వచ్చే ఇంకో సీరియల్ 1999 నుంచి ఉంది, అందులో సింట్ మొహం వేరు, కథ వేరు. రెండూ చూసే పిల్ల "ఇద్దరు సింట్‌లేంటి?" అని అడుగుతుంది. దానికి, బడికి వచ్చిన వాడికి, షాపింగ్ సెంటర్లో కూర్చున్న వాడికి అన్నిటికీ కలిపి ఇక్కడ ఒకటే జవాబు: 'హల్ప్‌సింటర్‌క్లాస్', అంటే సింట్‌కి సాయం వచ్చినవాళ్లు.

క్లాసులో ఎవరైనా "నువ్వు పీట్‌వా?" అంటే పాప నోట్లో సిద్ధంగా ఉండాల్సిన మాట ఒకటి నేర్పండి, డచ్‌లోనే: "అది మసి, కడిగితే పోతుంది. ఇది నా చర్మం." రెండుసార్లు ఇంట్లో అనిపిస్తే చాలు. ఈ వయసు పిల్లలు ఎక్కువగా దురుద్దేశంతో అనరు, కథలోని లెక్క ప్రకారం అంటారు, జవాబూ ఆ లెక్కలోనే ఉంటే వెంటనే ఒప్పుకుంటారు. మళ్లీ మళ్లీ అంటుంటే నవంబరు గడవకముందే టీచరుతో కూర్చోండి. డిసెంబరు మొదటి వారంలో వాళ్లకి ఊపిరాడదు.

బడిలో పీట్ వేషాల రోజు ఉంటుంది. బుగ్గలకి మసి రంగు పూస్తారు. మీకు ఇష్టం లేకపోతే "టోపీ, ఈక చాలు, రంగు వద్దు" అని రాసి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు. చిన్న ఊళ్లలో కొన్నిచోట్ల ఇంకా పాత వేషం కనిపించవచ్చు, కాబట్టి వీధి వేడుకకి వెళ్లేముందు ఆ ఊరి వాళ్లు పెట్టిన నిరుటి ఫొటోలు చూసుకోండి.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు. సింట్ దగ్గర పెద్ద ఎర్ర పుస్తకం ఉంటుంది, బడిలో, ఆఫీసు పార్టీల్లో పిల్లని పిలిచి అందులోంచి చదువుతాడు. ఆ సమాచారం ఇచ్చేది మీరే, రెండు వాక్యాలు రాసి పంపమంటారు. వేలు చీకడం, పక్క తడపడం లాంటివి రాయకండి. అందరి ముందు మైకులో చదివేస్తారు, "సింట్‌కి అంతా తెలుసు" అన్న మాట ఆ క్షణాన శిక్షైపోతుంది. కొత్తగా సైకిల్ నేర్చుకుంది, తమ్ముడికి పుస్తకం చూపిస్తుంది లాంటివి రాయండి.

పేరు ఎలా పలకాలో కూడా అందులోనే రాయాలి. డచ్‌లో జే అక్షరాన్ని 'య' అంటారు, జాహ్నవి కాస్తా యాహ్నవి అవుతుంది. జీ అక్షరం గొంతులోంచి 'ఖ'లా వస్తుంది, గగన్ అయితే ఖఖన్. తన పేరు సింట్‌కే తెలియదని పిల్ల మొహం మాడ్చుకుంటుంది. సూరినామ్ హిందుస్తానీలు (సూరినామ్ నుంచి వచ్చిన భారత సంతతివాళ్లు) 'జ' శబ్దానికి డీ, జే రెండూ కలిపి రాస్తారు, ఇక్కడివాళ్లు దాన్ని సరిగ్గా చదువుతారు. మీరూ అలాగే రాయండి. 'గ'కి మాత్రం ఫుట్‌బాల్ 'గోల్'లో గ అని పక్కన రాస్తే సరి.

---

ఉన్నదున్నట్టు

అందరూ ఆట ఎలా ఆడాలో చెప్తున్నారు. అసలు ఆడటం ఎందుకండీ? ప్రభుత్వ టీవీ వార్తల రూపంలో ఐదేళ్ల పిల్లని నమ్మించడం, మనం దానికి క్యారెట్ కొరికి సాక్ష్యం సృష్టించడం. రేపు నిజమైన వార్తలు చూసినప్పుడు ఏది నమ్మాలి? పైగా బిషప్ కథ. మనకి సంక్రాంతి ఉంది, బొమ్మల కొలువు ఉంది. ఇది కథ, వేషం అని చెప్పెయ్యండి, అయిపోతుంది.

---

కాలువగట్టు

వార్తల రూపం మీద మీ అభ్యంతరంలో పస ఉంది, ఇక్కడి తల్లిదండ్రుల్లోనూ ఆ మాట అనేవాళ్లు ఉన్నారు. కానీ చెప్పెయ్యడంలో ఒక చిక్కుంది. ఐదేళ్ల పిల్లకి చెప్తే మర్నాడు తొమ్మిదింటికల్లా క్లాసంతా తెలుస్తుంది, పాతిక ఇళ్లకి మీరు చెప్పినట్టే. ఇక్కడ అది పెద్ద తప్పుగా చూస్తారు. చెప్పదలిస్తే "ఇది మన ఇంట్లో రహస్యం, బడిలో కాదు" అని ఒప్పించగల వయసు వచ్చాకే.

మధ్యేమార్గం ఒకటుంది. అబద్ధం ఆడనక్కర్లేదు, నిజం విప్పనక్కర్లేదు. "నిజంగా ఉన్నాడా?" అంటే "నువ్వేమనుకుంటున్నావు? ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడగండి. షో గురించి మాట్లాడేటప్పుడు "సింట్ ఇలా చేశాడు" అనకుండా "షోలో ఇలా చూపించారు" అనండి. మూడేళ్లు ఇలా అలవాటైతే టీవీలో చూపించేదానికీ జరిగేదానికీ తేడా దానంతటదే పట్టుబడుతుంది. "అల్లరి చేస్తే సింట్ రాడు" అని మాత్రం బెదిరించొద్దు. అదే పాత బెత్తం, చేయి మారిందంతే.

మతం సంగతి: షోలో పూజ, ప్రార్థన ఏమీ ఉండవు. టోపీ, కర్ర తప్ప బిషప్ లక్షణం కనిపించదు. హరిదాసు తల మీద అక్షయపాత్రతో వస్తే, ఆయన పక్క వీధిలో ఉండే మనిషేనని తెలిసినా బియ్యం పోస్తాం కదా, పిల్లల చేతే పోయిస్తాం కూడా. ఎనిమిదేళ్లు దాటిన డచ్ పిల్లలు సింట్‌ని చూసేది ఆ కళ్లతోనే.

---

ఐండ్‌హోవెన్_అమ్మ

అందరికీ ధన్యవాదాలు. ఆరింటికి చూపించి టీవీ కట్టెయ్యడం ఇవాళ్టి నుంచే. బడికి జెలటిన్ సంగతి, పేరు పలికే తీరు రెండూ రాసి పంపేశాను. ఒక్కటి అడగనా? ఎప్పటికి తెలిసిపోతుంది? తెలిశాక ఏం చెయ్యాలి?

---

హేగ్_ఒడ్డు

మామూలుగా ఏడు, ఎనిమిది ఏళ్లకి, గ్రూప్ 4 అటూ ఇటూ. ఆ పైన గ్రూప్ 5 నుంచి బడిలోనే పద్ధతి మారుతుంది. చీటీలు తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్లకి చిన్న కానుక కొని, దాన్ని అట్టతో, కాగితంతో చేసిన బొమ్మలో దాచి, అంత్యప్రాసలతో ఒక ఆటపట్టింపు పద్యం రాసి, 'సింట్' అని సంతకం పెట్టాలి. కానుక ఖరీదు ఎంత మించకూడదో బడే చెప్తుంది. అట్టపెట్టెలు నవంబరు నుంచే దాచుకోండి, చివరి వారం ఎక్కడా దొరకవు. జిగురు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, కాబట్టి 4వ తేదీ రాత్రి మొదలుపెడితే అవ్వదు. పద్యం డచ్‌లో ఉండాలి, ఎనిమిది పంక్తులు చాలు. పక్కింటి పిల్లాడి చేత ఒకసారి చదివించుకుంటే ప్రాస తప్పులు బయటపడతాయి.

తెలిసిపోయిన పిల్లకి వెంటనే ఒక పని అప్పగించండి: చిన్నవాళ్ల క్యారెట్ కొరికే డ్యూటీ తనది. బయటపెట్టదు.

చాక్లెట్ అక్షరానికి తెలుగు పేరుతో ఇంకో గొడవ. 'ఐ' అక్షరం సన్నగా ఉంటుంది, 'వీ' వెడల్పు. ఈషా, వేద పక్కపక్కన నిలబడితే ఈషా ఏడుస్తుంది. ఒకే సైజు పెట్టెల్లో బరువు అన్నిటికీ ఒకటే, సన్న అక్షరాన్ని మందంగా పోస్తారు. వంటింటి తూకం మీద పెట్టి చూపించండి.

---

పాతరీలు

ఆ తూకం పెట్టెతో సహా పెట్టకండి, అట్ట బరువు తేడా వస్తే మళ్లీ మొదటికొస్తుంది. క్రౌట్‌నోటెన్ మిగుల్చుకోవాలంటే 6వ తేదీ పొద్దున్నే సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి, ధర తగ్గించేస్తారు. డబ్బా మూత గట్టిగా ఉంటే జనవరి దాకా మెత్తబడవు.